లైటు యాడిదాకా

ధర్మవరంలో పని ముగించుకుని వస్తూ, పెనుకొండ ఇంకా కొంచెం దూరం ఉందనగా మహేష్ ఒక గొర్రెను గుద్దాడు. పొద్దు గుంకి ఎంతోసేపు కాలేదు. పడమట ఎరుపు ఇంకా పోలేదు. రోడ్డు ఎడమ పక్కన మందను తోలుకుపోతున్న యల్లక్క అనే ముసలామె దూరం నుంచే చెయ్యెత్తి కేక వేసింది. మహేష్‌కు కేక వినిపించింది గానీ మంద కనిపించలేదు. బుల్లెట్టు ముందు చక్రానికి మెత్తగా ఏదో తగిలింది. బండితో సహా మట్టిలో పడ్డాక తల తిప్పి చూస్తే చుట్టూ గొర్రెలే.

అతనికి మోచేయి గీరుకుపోయిందంతే. గొర్రె మాత్రం లేవలేదు. యల్లక్క దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"చూడు నాయనా ఇది," అంది. తిట్టలేదు. "ఇంత వెడల్పు దావ ఉండాది. ఇన్ని జీవాలుండాయి. నీ బండికి లైటు లేదా?"

"ఉండాదవ్వా. మసగ్గా పడ్తాది."

"అట్లయితే బాగు చేపిచ్చుకో. ఈ పొద్దు గొర్రె కాబట్టి సరిపాయె."

మహేష్ ఆమె నష్టం కట్టిచ్చాడు. మళ్ళీ బండెక్కడానికి ధైర్యం చాల్లేదు. పెనుకొండ దాకా తోసుకుంటూ వెళ్ళి, మూసి ఉన్న గిరి షాపు ముందు నిలబెట్టి, హిందూపురం బస్సెక్కాడు.

గిరి పెనుకొండ బస్టాండు దగ్గర బండ్లకు వైరింగ్ పని చేస్తాడు. సొంతూరు రొళ్ల పక్కన పల్లె. హిందూపురంలో ఐటీఐ చదివేటప్పుడు మహేష్ వాళ్ళ పట్టునూలు అంగడి వెనక గదిలో అద్దెకుండేవాడు. మహేష్ అంగట్లో నాయన పక్కన కూర్చోవలసిన వేళల్లో గిరి దగ్గర ఆ గదిలోనే కూర్చునేవాడు. వాళ్ళ నాయన పోయాక అంగడి భారం మీద పడి, వారానికి రెండు మూడుసార్లు నూలు నమూనాలు తీసుకుని ధర్మవరం మగ్గాల వాళ్ళ దగ్గరికి తిరగడం మొదలయ్యాక కూడా, దారిలో గిరి షాపు దగ్గర ఆగకుండా ఏనాడూ పోలేదు.

ఆ బుల్లెట్టు ఇద్దరికీ బిడ్డలాంటిది. బత్తలపల్లిలో ఒక రైసుమిల్లు వెనక, ఊక కుప్పల మధ్య తుప్పు పట్టి పడి ఉంటే మహేష్ చూశాడు. ట్రాలీలో వేసుకొచ్చారు. ఇంజను ఒక ఏడాది, మిగతాది ఇంకో ఏడాది. ట్యాంకుకు నల్లరంగు వేసి, పక్కన బంగారు గీత గీయించింది మహేష్. అది మొదటిసారి స్టార్టయిన రోజు గిరి పని మానేసి బిర్యానీ తెప్పించాడు. పల్లవిని చూసుకోవడానికి ధర్మవరం పోయింది కూడా దాని మీదే. పెళ్ళిచూపులకు నూనె మరకల చొక్కాతో వచ్చాడని పల్లవి ఇప్పటికీ నవ్వుతుంది.

మహేష్ ఫోన్ చేసి గొర్రె సంగతి చెప్పగానే గిరి అన్నాడు, "మళ్ళా లైటేనా? మొన్న బల్బు మారిస్తి కదబ్బా. అంతకు ముందు లోపలి అద్దం మారిస్తి. బ్యాటరీ కొత్తది."

"అయినా కనపడ్తా లేదప్పా."

"సరే, ఆదివారం రా. ఈసారి మొత్తం విప్పుదాం."

ఆదివారం మహేష్, పల్లవి ఇద్దరూ వచ్చారు. పల్లవి అటునుంచి అటే పుట్టింటికి పోదామనుకుంది. గిరి అప్పటికే హెడ్‌లైటు విప్పి పెట్టాడు. బ్యాటరీ దగ్గర మీటరు పెడితే పన్నెండు వోల్టులకు పైన చూపించింది. లైటు వేసి, అదే మీటరు తీగలు బల్బు దగ్గర పెడితే తొమ్మిది కూడా సరిగా లేదు.

"దొరికింది దొంగ," అన్నాడు గిరి. అతని ముఖంలో సంతోషం దాగలేదు. "చూడు, యాడనో మూడు వోల్టులు తినేస్తాండాది. బ్యాటరీలో బయల్దేరిన కరెంటు తాళంచెవి దగ్గరికి పోయి, ఆడనుంచి హ్యాండిల్ స్విచ్చికి పోయి, మళ్ళా తిరుక్కుని బల్బుకొస్తాది. అన్నీ ముసలి తీగలు. దావ పొడుగునా కారిపోతాది. బల్బుకు మిగిలేది ఇంతే."

"అంటే తీగలన్నీ మార్చల్లా?" అని అడిగింది పల్లవి.

"అక్కర్లేదమ్మా. రిలే పెడ్తే చాలు." అగ్గిపెట్టె కన్నా చిన్నదైన నల్ల డబ్బీని ఆమె చేతిలో పెట్టాడు. "స్విచ్చి వేస్తే పాత తీగ దీనికి సైగ మాత్రం చేస్తాది. ఇది లోపల టక్కుమని కలుస్తాది. కరెంటు బ్యాటరీ నుంచి లావు తీగలో నేరుగా బల్బుకు పోతాది. మధ్యలో ఎవరూ తినరు."

పల్లవి దాన్ని మహేష్‌కు చూపించబోయింది. అతను పక్కన లేడు. షాపు బయట అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. ప్రతిసారీ స్పానర్లు అందిస్తూ పక్కనే ఉండేవాడు ఆ రోజు ఎందుకో దూరంగా ఉన్నాడు. గొర్రె సంగతి మనసులో ఉందేమో అనుకున్నాడు గిరి.

ట్యాంకు దించి, డిమ్ముకొకటి బ్రైటుకొకటి రెండు రిలేలను దాని కింది గొట్టానికి బిగించాడు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి, ఎర్రటి లావు తీగను గొట్టం వెంబడే ముందుకు లాక్కొచ్చాడు. ప్రతి అతుకునూ టంకం వేసి, పైన స్లీవు తొడిగి లైటరుతో వేడి చేశాడు. హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి తీగ బిగుసుకుంటుందేమో చూశాడు. పని చేస్తున్నంతసేపూ పల్లవి స్టూలు మీద కూర్చుని మాట్లాడుతూనే ఉంది.

"ఈయన బండి నడిపితే నేను వెనకాల కండక్టర్ని అన్నా. ఎడమ పక్క ఆటో, కుడి పక్క బర్రె అని చెప్తానే ఉండల్ల. ఇంట్లో కూడా అంతే. పళ్ళెం పక్కన లోటా పెడ్తే తన్నేస్తాడు. సినిమాకు పోతే నా కొంగు పట్టుకుని నడుస్తాడు, అదేదో ప్రేమ అనుకుంటి కొత్తల్లో."

గిరి నవ్వాడు. బయట మహేష్ నవ్వలేదు.

పని ముగిసేసరికి సందకాడ అయింది. మీటరు ఈసారి బల్బు దగ్గర కూడా పన్నెండుకు పైనే చూపించింది. షాపు ఎదురుగా పాత వేరుశనగ గోదాము గోడ ఒకటుంది. హెడ్‌లైటు ఎత్తు సరిచూడాలంటే గిరి ఎప్పుడూ బండిని ఆ గోడ ముందే నిలబెడతాడు. వెలుతురు తగ్గేదాకా టీ తాగి కూర్చున్నారు. చీకటి పడ్డాక మహేష్‌ను బండి మీద కూర్చోమని స్విచ్చి వేశాడు.

రిలే టక్కుమంది. గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెల్లగా వెలిగింది. పైన మొలిచిన గడ్డిపోచలు కూడా కనిపించాయి. పల్లవి, "అబ్బ, పగలు మాదిరి ఉండాదన్నా," అంది.

"ఎట్లుండాది?" అని మహేష్‌ను అడిగాడు గిరి.

"నడుమ బాగుండాది," అన్నాడు మహేష్. "పక్కలకే పోల్యా."

"పక్కలకు పోకుండా యాడికి పోతాది? ఉండు, ఫోకస్ చూద్దాం. దావ చూసినట్ల నేరుగా నడుమే చూస్తాండు. నేను గోడెంబడి నడుస్తా. లైటు యాడిదాకా ఉండాదో ఆడ ఆపు."

గిరి సుద్దముక్క తీసుకుని గోడ మధ్య నుంచి కుడి పక్కకు నడిచాడు. ఒక అడుగు వేసి రెండోది ఎత్తాడో లేదో, "ఆపు," అన్నాడు మహేష్. గిరి అక్కడ గీత గీశాడు. మళ్ళీ మధ్యకు వచ్చి ఎడమ పక్కకు నడిచాడు. అటూ అంతే. రెండు గీతల మధ్య ఒక వాకిలి పట్టేంత చోటుంది.

"తమాషాలొద్దప్పా," అన్నాడు గిరి.

"తమాషా ఏముండాది? ఆడికే లైటు అయిపాయె. నువ్వు చీకట్లోకి పోయినావు."

గిరి తన చొక్కా వైపు చూసుకున్నాడు. గుండీలు మెరుస్తున్నాయి. అతని నీడ గోడ మీద నల్లగా నిలబడి ఉంది. అతను చెయ్యెత్తి ఊపాడు. మహేష్ ముఖం కదలలేదు. గోడ మధ్యనే చూస్తున్నాడు, చెప్పినట్టే, బుద్ధిగా.

పల్లవి స్టూలు మీది నుంచి లేచింది. గోడ దగ్గరికి పోయి గిరికి పక్కన, నిండు వెలుగులో నిలబడింది. కళ్ళకు లైటు కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను యాడ ఉండా చెప్పు," అంది.

మహేష్ చప్పుడు వచ్చిన వైపు తల తిప్పాడు. తిప్పిన తరువాత ఆమె కనిపించింది. ఆమె ముఖం కనిపించింది. ఆమె ఎందుకు అలా చూస్తోందో అర్థమయ్యేదాకా అతను తల తిప్పుకోలేదు. తర్వాత స్విచ్చి ఆపేశాడు.

ఆ రోజు ధర్మవరం పోలేదు. గిరే ఇద్దరినీ బస్సెక్కించాడు. బండి తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. మహేష్ వద్దనలేదు.

ఆ వారంలోనే రైల్లో బెంగళూరు పోయి పెద్ద కంటి ఆసుపత్రిలో చూపించారు. గిరి కూడా వెళ్ళాడు. ఒక పరీక్షలో తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, చేతికి బటన్ ఒకటి ఇచ్చారు. లోపల అక్కడక్కడా చిన్న చుక్క వెలుగుతుంది, కనిపించినప్పుడల్లా నొక్కాలి. తలుపు దగ్గర నిలబడి పల్లవి వింటోంది. బటన్ టిక్కు టిక్కుమంది. తరువాత ఆగిపోయింది. యంత్రం మాత్రం తన పని తాను చేసుకుపోతూ సన్నగా గుర్రుమంటోంది. చాలాసేపు టిక్కు వినిపించలేదు. పరీక్ష అయిపోయిందేమో అని ఆమె తొంగి చూసింది. మహేష్ బటన్ మీద బొటనవేలు పెట్టుకుని, ముందుకు వంగి, ఆశగా ఎదురుచూస్తున్నాడు. యంత్రం దగ్గరున్న అమ్మాయి తల వంచుకుని ఉంది.

డాక్టరు నెమ్మదిగా, అర్థమయ్యేలా చెప్పింది. కంటి వెనక పొర అంచుల నుంచి చచ్చిపోతూ వస్తోంది. పుట్టుకతో వచ్చిన జబ్బు. రేచీకటితో మొదలై చూపు చుట్టూ నుంచి మూసుకుపోతుంది. నేరుగా చూసే చూపు ఇంకా బాగుంది, కొన్నేళ్ళు ఉండొచ్చు, ఎన్నేళ్ళో చెప్పలేం. అతనికైతే మందు లేదు. బండి నడపకూడదు, పగలు కూడా. కొన్ని ఇళ్ళల్లో ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది, మీ అమ్మ తరఫు తాతకో మేనమామకో ఉందా అని అడిగింది.

"లేదు మేడం," అన్నాడు మహేష్. "చీకట్లో అందరికీ ఇంతే అనుకుంటి."

హిందూపురంలో ఇంటికొచ్చి ఈ మాట చెప్పేసరికి అతని తల్లి కమలాక్షి బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది. ఏ జబ్బు అనీ, ఎంతవరకు అనీ అడగలేదు. అది చూసి పల్లవికి అనుమానం వచ్చింది.

"మీకు తెలుసా అత్తా?"

కమలాక్షి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా నాయనకుండె," అంది చివరికి. "దీపం పెట్టినాక గడప దాటేవాడు కాదు. అంగడి సందకాడే మూసేస్తాండె. ఊర్లో వాళ్ళు భక్తి అనుకున్రి. వీడు పుట్టకముందే పోయినాడు. పోయేటప్పటికి మా మొగాలు తడిమి గుర్తు పట్టేవాడు. వీనికి రాదనుకుంటి పల్లవీ. పగలంతా బాగనే ఉండె కదా వీనికి."

"మా వాళ్ళకు ఒక మాట చెప్పింటే."

"చెప్పింటే నిన్నిస్తాండ్రా?"

చెప్పి ఉంటే ఇచ్చేవాళ్ళు కాదని పల్లవికీ తెలుసు. ఇవ్వకపోయి ఉంటే తనకు ఈ బాధ ఉండేది కాదని ఒక్క క్షణం అనిపించింది, అలా అనిపించినందుకు భర్త ముఖం చూడలేకపోయింది. మహేష్ అప్పటికే లేచి, గోడ తడుముకుంటూ గదిలోకి పోతున్నాడు. ఆ గోడను అతను చాలాకాలంగా అలాగే తడుముకుంటూ పోతున్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి చాలా రోజులు అత్తతో ఆమె మాట్లాడలేదు.

మహేష్ ఒకనాడు పొద్దున్నే ఒక్కడే బస్సులో పెనుకొండ వచ్చాడు. గిరి షాపు అప్పుడే తెరిచాడు. బుల్లెట్టు లోపల గుడ్డ కప్పుకుని ఉంది.

"తాళంచెవి ఇయ్యి," అన్నాడు మహేష్.

"ఇయ్యను."

"పగలే కదప్పా. నేరుగా బాగనే కనపడ్తాది. నెమ్మదిగా పోతా."

"ఆ పొద్దు కూడా నెమ్మదిగానే పోతాంటివి. గొర్రె బదులు దాన్ని తోలే ముసలామె అయింటే?"

మహేష్ గుడ్డ లాగేశాడు. ట్యాంకు మీద చెయ్యి పెట్టి బంగారు గీత వెంబడి వేలితో రాసుకుంటూ పోయాడు. మాట్లాడినప్పుడు అతని గొంతులో కోపం లేదు. ఉంటే గిరికి కొంత తేలికగా ఉండేది.

"నువ్వు బల్బు మార్చినప్పుడు బాగయింది అని చెప్తి. బాగు కాల్యా. అద్దం మారిస్తివి, బ్యాటరీ మారిస్తివి. ప్రతిసారీ, సరే, ఇంకేదో ఉండాది బండిలో అనుకుంటాంటి. నువ్వు రిలే పెడ్తానన్నప్పుడే నాకు భయమాయె. లోపలికి రాల్యా, చూసినావు కదా. ఇది కూడా పెట్టేసినాక ఇంక బండిలో ఏం మిగుల్తాది చెప్పు, తప్పు పెట్టేకి?"

మీటరు చూసి దొంగ దొరికిందని తను సంబరపడినప్పుడు, ఇతను బయట అరుగు మీద కూర్చుని ఏం అనుకుంటూ ఉన్నాడో గిరికి ఇప్పుడు తెలిసింది.

"ఎంత కాలమాయె నీకు అనుమానమొచ్చి?"

"పెండ్లి కాకముందే. ఎవరికి చెప్పల్ల? చెప్తే నిజమైపోతాది."

గిరి తాళంచెవి జేబులోంచి తీసి తనే బండి స్టార్ట్ చేశాడు. "వెనక కూర్చో. ధర్మవరం దాకా నేను తీసుకుపోతా. వారానికి ఎన్నిసార్లంటే అన్నిసార్లు. షాపు యాడికీ పోదు."

మహేష్ కూర్చున్నాడు. ఆ బండి మీద అతను వెనక కూర్చోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల మీద పెట్టుకున్నాడు. ఊరు దాటి కొండ పక్కగా కొంత దూరం పోయారో లేదో, మహేష్ గిరి వీపు మీద తట్టాడు.

"ఆపు."

"ఏమాయె?"

"నాకొద్దప్పా ఇట్ల."

దిగి, వెనక్కు తిరిగి, రోడ్డు అంచునే నడవడం మొదలుపెట్టాడు. గిరి ఇంజను ఆపేశాడు. అంత బరువు బండిని బస్టాండు దాకా అతని వెనకే తోసుకుంటూ వచ్చాడు.

తర్వాత చాలాకాలం మహేష్ ఫోన్ ఎత్తలేదు. పల్లవి మాత్రం అప్పుడప్పుడు చేసేది. ధర్మవరం పనికి ఇప్పుడు ఆమే బస్సులో పోయి వస్తోంది. మగ్గాల వాళ్ళకు ఆమె అక్కడి అమ్మాయే, మర్యాదగానే చూస్తున్నారు. మహేష్ పగలు అంగట్లో కూర్చుంటున్నాడు. అత్తతో మాట్లాడుతున్నావా అని గిరి అడిగితే, "అన్నం పెడ్తాండా, పెట్టించుకుంటాండా. మాటలు నిదానంగా వస్తాయిలే అన్నా," అంది.

చలికాలం వచ్చాక మహేష్ తనే ఫోన్ చేశాడు. "బండి అమ్మేయి. నేనూ వస్తా ఆ పొద్దు."

అనంతపురం నుంచి ఒకాయన వచ్చాడు. పాత బండ్లంటే ఇష్టమున్న మనిషి. ఇంజను విన్నాడు, ట్యాంకు చూశాడు, పగలే అయినా షట్టరు సగం దించి లైటు వేయించాడు.

"లైటు మాత్రం భలే ఉందండీ. పాత బండ్లకు ఇంత వెలుగు నేనెక్కడా చూడలేదు. ఎవరు చేశారు?"

"ఈయప్పే," అన్నాడు మహేష్, గిరి ఉన్న వైపు గడ్డం చూపిస్తూ. "బాగ చేసినాడు."

గిరి పనిముట్లు సర్దే నెపంతో లోపలికి పోయాడు. బయట ఆయన బండి ఎక్కి పోయిన చప్పుడు చాలాసేపు వినిపించింది. కొండ మలుపు దాటాక తగ్గి, తర్వాత లారీల చప్పుడులో కలిసిపోయింది. గిరి బయటికి వచ్చేసరికి మహేష్ అరుగు మీద అలాగే కూర్చుని ఉన్నాడు.

"టీ తాగుదామా?"

"వద్దు. పొద్దు తిరుగుతాండాది. చీకటి కాకముందే ఇల్లు చేరల్ల."

బస్టాండుకు పోవాలంటే రోడ్డు దాటాలి. మహేష్ అంచున నిలబడ్డాడు. వాహనాలు రెండు వైపుల నుంచీ వస్తున్నాయి. తల అటూ ఇటూ తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. తర్వాత చెయ్యి చాచి గిరి భుజం మీద వేశాడు. స్నేహితులు వేసుకునే పద్ధతిలో కాదు. వేళ్ళు చొక్కాను గట్టిగా పట్టుకున్నాయి. గిరి అడుగు చిన్నది చేసుకుని నడిచాడు.

హిందూపురం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. గిరి కిందనే నిలబడి చెయ్యెత్తాడు. మహేష్ అతని కోసమే చూస్తున్నాడు గానీ, చూపు అతనికి రెండు మూడడుగుల అవతల, పండ్ల బండి మీద ఆగి ఉంది. గిరి చెయ్యి దించేశాడు. దగ్గరికి పోయి కిటికీ కింద బస్సు రేకును అరచేత్తో తట్టాడు.

"ఈడ ఉండా."

మహేష్ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టాడు. గిరి పట్టుకున్నాడు.

"ఆదివారం ఇంటికి రా," అన్నాడు మహేష్. "పగటి పూట రా."

"వస్తా."

బస్సు కదిలింది. గిరి షాపుకు తిరిగి వచ్చేసరికి హారన్ పనిచేయడం లేదని ఒకాయన స్కూటర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చిన్న పనే, ఐదు నిమిషాల పని. గిరి స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుని వంగాడు. కళ్ళు నీళ్ళతో నిండి స్క్రూ ఎక్కడుందో ఆనలేదు.

"రేపు రాప్పా," అని లేచి, షట్టరు కిందికి లాగాడు.